రాజీకి వీల్లేని కేసు, ఆమె మాట వినాల్సిన కేసు: హుమ్మలో ఏ శిక్షణ కావాలి?

హుమ్మ ఉప్పు మడుల దగ్గర, చిలికా అంచు జాలరి పేటల్లో మన తెలుగు కుటుంబాలు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల నుంచీ ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. రాష్ట్రం మారినా తగువు వస్తే ముందు కులపెద్దల దగ్గరికి వెళ్ళే అలవాటు మారలేదు. వలల తగువు, గట్టు తగువు అక్కడే తీరితే మంచిదే, కోర్టు ఖర్చు తప్పుతుంది. పిల్లల మీద లైంగిక దాడి మాత్రం పెద్దలు తీర్చే తగువు కాదు. ఈ ఒక్క ముక్క మన వాళ్ళకు మన భాషలో ఎవరైనా సరిగ్గా చెప్పారా అన్నదే ప్రశ్న.

2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ళలోపు బిడ్డపై నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఒకటే. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బడి, హాస్టల్ లాంటి సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవాళ్ళ నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. చెప్పలేకపోయిన బిడ్డకూ శిక్ష లేదు.

మరి 'ఇరు కుటుంబాలూ ఒప్పుకున్నాయి' అంటే? రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద పెట్టిన కేసును, బాలిక తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేసింది. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసును మళ్ళీ నిలబెట్టింది. ఇలాంటి నేరం రెండు కుటుంబాల సొంత వ్యవహారం కాదంది. పెద్దమనుషులు రాయించే రాజీ కాగితానికి విలువ ఎంతో దీన్నిబట్టే తెలుస్తోంది. పైగా రాజీ కుదిర్చే పెద్దకు నేరం గురించి తెలిసినట్టే కదా? చెప్పాల్సిన బాధ్యత ఆయన మీదా పడుతుంది.

ఇక్కడే మన ఇళ్ళ పరిస్థితి కూడా చూడాలి. గంజాం మగవాళ్ళు సూరత్ మగ్గాలకూ, దూర రేవుల్లో పడవల మీదికీ వలసపోవడం కొత్త కాదు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో, బాబాయి ఇంట్లోనో పెరుగుతారు. పోక్సో కేసుల్లో నిందితుడు ఎక్కువసార్లు బిడ్డకు తెలిసినవాడే. అన్నం పెట్టే చేతి మీదే అనుమానం వచ్చినప్పుడు అమ్మమ్మ నోరు ఎలా తెరుస్తుంది? ఆమెకు ధైర్యం చెప్పడం కంటే, ఫోన్ చేశాక ఏం జరుగుతుందో చెప్పడం మేలు.

ఫోన్ 1098కి చేయవచ్చు, 112కీ చేయవచ్చు. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే, లేదా బిడ్డకు నచ్చిన చోట తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. ఏ కారణంగానూ రాత్రిపూట బిడ్డను ఠాణాలో ఉంచకూడదు. ఇరవై నాలుగు గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. పేరు బయటపెట్టకూడదు. మనకు మరీ ముఖ్యమైనది: బిడ్డకు ఒడియా అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. 'మా పిల్ల తెలుగులోనే చెబుతుంది' అని అడగడం దయ కోరడం కాదు. ఆ లోపు ఇంట్లోవాళ్ళు బిడ్డను పదేపదే గుచ్చి అడగకూడదు, నిందితుడి ఎదుట నిలబెట్టకూడదు. బట్టలు ఉతకకుండా ఉంచాలి. ఆసుపత్రి ఏదైనా, ప్రైవేటుదైనా, ఉచితంగా చికిత్స చేయాలి.

ఇంట్లో భార్యను కొట్టడం దగ్గరికి వస్తే దారి వేరు. చాలా శిక్షణల్లో రెండూ కలిపేసి చెబుతారు, అది పొరపాటు. 2005 నాటి గృహహింస చట్టంలో పొరుగువారు రక్షణాధికారికి చెప్పవచ్చు, చెప్పి తీరాలని లేదు. ఆమె పెద్దమనిషి. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో ముందు ఆమెనే అడగాలి. ఆమెకు తెలియకుండా ఠాణాకు పరుగెత్తితే ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆలోచించకుండా 112. మిగతా సమయాల్లో 181, సఖి కేంద్రం, ఉచిత న్యాయ సహాయానికి 15100. జైలు మాట లేకుండానే ఇంట్లో ఉండే హక్కు, కొట్టకూడదన్న ఉత్తర్వు, భరణం మేజిస్ట్రేటు దగ్గర కోరవచ్చు. 'మొగుణ్ణి జైల్లో వేయించను' అనే మన ఆడవాళ్ళకు ఈ సంగతి తెలియాలి. భార్యే కాదు, తల్లి, చెల్లి, కలిసి ఉంటున్న వదిన కూడా ఈ చట్టం కిందికి వస్తారు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే.

రక్షణాధికారి ఎవరో తెలియకపోతే ఇదంతా కాగితమే. 2025 మే 20న సుప్రీంకోర్టు, అధికారులను నియమించని చోట జిల్లా, తాలూకా స్థాయిల్లో ఆరు వారాల్లో నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. మన బ్లాకుకు ఎవరు? పంచాయతీలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

చెప్పడం అలవాటైతే ఏమవుతుందో గంజాం ఇప్పటికే చూసింది. 2022 జనవరిలో జిల్లా తనను బాల్య వివాహాలు లేని జిల్లాగా ప్రకటించుకుంది, ఒడిశాలో మొదటిది. ఆ ప్రకటనతో బాల్య వివాహాలు పూర్తిగా మాయమయ్యాయని నేననను. అయితే పెళ్ళి కబురు ముందే అధికారులకు అందే అలవాటు ఊళ్ళలో పుట్టింది. మన పెద్దలు ఆ పనిలో కలిసొచ్చినచోట వాళ్ళ గౌరవం ఏమీ తగ్గలేదు.

అందుకే శిక్షణ పెడితే అంగన్‌వాడీ దీదీలకే కాదు, ముందు కులపెద్దలకు పెట్టాలి. వలసపోయినవాళ్ళు పండక్కి ఇంటికొచ్చే రోజుల్లో, తెలుగులో. గోడ మీద 1098 పక్కన బ్లాకు రక్షణాధికారి పేరు, ఫోన్ నంబరు ఒడియాలోనూ తెలుగులోనూ రాయించాలి. దానికి అయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు.