నలభై ఏళ్ల బుజ్జిగాడు

డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషికి నలభై ఏళ్లొచ్చినా మన ఇళ్లలో పిలుపు మారదు. బుజ్జిగాడే, చిన్నిగాడే. ‘వాడికేం తెలుసు, దేవుడి బిడ్డ’ అంటారు చుట్టాలు. ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమే ఆ మనిషి చేతులు కట్టేస్తోందంటాను నేను.

మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు తీసుకుంటాడు. పొట్టి వేళ్లు, కండరాల్లో బిగువు తక్కువ. ఒక్కో గుండీని బొటనవేలితో కాజాలోకి నెడతాడు. మూడోది పట్టేసరికి బయట ఆటో హారన్. వాళ్లమ్మ వచ్చి మిగతావి గబగబా పెట్టేస్తుంది. ఆయన చేతులు వేలాడేసుకుని నిలబడతాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు నడిచాక ‘వాడికి గుండీలు రావు’ అంటే ఏమనాలి? రాలేదా, రానివ్వలేదా?

ఎప్పటికీ పసివాడే అనుకున్న మనిషికి ముసలితనం వస్తుందని ఎవరికి తడుతుంది? 1983లో అమెరికాలో వీళ్లు సగటున 25 ఏళ్లు బతికేవారు. గుండె ఆపరేషన్లు, వైద్యం మెరుగుపడి ఇప్పుడది 60కి చేరింది. ఆ వచ్చిన ఏళ్లతోపాటు వయసు కష్టాలూ వచ్చాయి, అవీ తొందరగా. శుక్లాలు, చెవుడు, థైరాయిడ్ మందగించడం వీళ్లలో మామూలు. అల్జీమర్స్ వస్తే మెదడులో పేరుకునే అమిలాయిడ్‌కు మూలమైన జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉంది. వీళ్లకు ఆ క్రోమోజోము మూడు ప్రతులు. అందుకే అల్జీమర్స్ చాలామందికి యాభైల్లోనే బయటపడుతుంది.

నిన్నటిదాకా టీ పెట్టిన మనిషి ఇవాళ స్టవ్ దగ్గరికే వెళ్లడం లేదనుకోండి. ‘అది ఆ జబ్బు గుణమేలే’ అని వదిలేస్తాం. అది థైరాయిడ్ కావచ్చు, చెవిలో గట్టిపడిన గులిమి కావచ్చు, నిద్రలో ఊపిరాడక పగలంతా కమ్ముకునే మగత కావచ్చు, నాన్న పోయిన దిగులూ కావచ్చు. వీటన్నిటికీ వైద్యం ఉంది. మతిమరుపే అయినా ముందు తెలిస్తే ఇల్లు సర్దుకోవచ్చు. అయితే పోయిందని తెలియాలంటే ముందు ఉండాలి కదా! ఎన్నడూ టీ పెట్టనివ్వని మనిషి టీ పెట్టడం ఏ రోజు మరిచాడో ఎవరు చెప్పగలరు?

‘చెయ్యి కాలితే?’ అంటారు తల్లులు. భయం న్యాయమైనదే. పక్కన నిలబడి చూడండి, స్టవ్ మాత్రం వెలిగించనివ్వండి. ‘మా తర్వాత వాణ్ని ఎవరు చూస్తారు?’ అని కుమిలేదీ ఈ తల్లులే. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద సంరక్షకుణ్ని పెట్టుకోవచ్చు. ఆయన కాగితాల మీద సంతకం పెడతాడు. రోజూ పొద్దున్నే వచ్చి గుండీలు పెట్టడు.

ఒక నోటుబుక్కు తీసుకోండి. మీవాడు సొంతంగా ఏమేం చేస్తాడో ఈరోజే రాయండి. ఏడాదికోసారి థైరాయిడ్, కళ్లు, చెవులు పరీక్ష చేయించి, ఆ పేజీ మళ్లీ తీసి పోల్చుకోండి. ఆటోవాణ్ని మాత్రం ఇంకో ఐదు నిమిషాలు ఆగమనండి.