పనివాడి ఫోను, యజమాని అమానతు

పోయిన జుమా నాడు నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుండగా ఒక తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచారు. నరసరావుపేటలో చిన్న వ్యాపారి. ఆయన కుమారుడు హైదరాబాదు కంపెనీ ఉద్యోగాన్ని ఇక్కడ ఇంటినుండే చేస్తున్నాడు. సమాచార భద్రత కోసమంటూ కంపెనీవారు అతని సొంత ఫోనులో ఒక యాప్ వేసుకోమన్నారట. "మౌల్వీ సాబ్, ఆ ఫోనులో మా ఆడపిల్లల ఫోటోలున్నాయి. పరాయివాళ్ళు చూడరని ఏమిటి నమ్మకం? వద్దంటే నౌకరీ పోతుందేమోనని వాడి భయం" అన్నారు.

కొట్టిపారేయదగిన భయం కాదిది. మా ఉపాధ్యాయ వర్గానికి ఇది ముందే అనుభవం. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో ముఖ గుర్తింపు హాజరు ప్రవేశపెట్టి, ఆ యాప్‌ను టీచర్లు తమ సొంత ఫోన్లలోనే వేసుకోవాలంది. సంఘాలు అభ్యంతరం చెప్పాయి. పరికరం ప్రభుత్వమే ఇవ్వాలని, సొంత ఫోనులోని వివరాలకు పూచీ ఎవరని అడిగాయి. వేళకు బడికి రానివారిని వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు గాని, ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనది.

పరుల గుట్టు వెదకడాన్ని దివ్యఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 12వ ఆయతులో నిషేధించింది. హజ్రత్ ఉమర్ (రజి) గారి వృత్తాంతం మన పెద్దలు చెప్పగా విన్నదే. ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతూ, ఒక ఇంట్లో అలికిడి విని గోడ ఎక్కి లోపలికి దిగారు. ఇంటివాడు తప్పు చేస్తూ పట్టుబడ్డాడు. అయినా అతడు తడబడలేదు. నాది ఒక తప్పయితే తమరివి మూడు, గుట్టు వెదికారు, గుమ్మం వదిలి గోడ దూకారు, అనుమతి లేకుండా, సలాం చెప్పకుండా వచ్చారు అన్నాడు. ఖలీఫా అది ఒప్పుకుని వెనుదిరిగారు. పాలకుడికే లేని హక్కు మేనేజరుకు ఎక్కడినుండి వచ్చింది?

అయితే మన పిల్లలకు రెండో మాట కూడా చెప్పాలి. కంపెనీ వ్యాపార రహస్యం, ఖాతాదారుల వివరాలు ఉద్యోగి చేతిలో అమానతు. పత్తి మిల్లు గుమాస్తా తన షావుకారు ధర పక్క మిల్లువాడికి చెబితే మనమేమంటాం? ఖియానత్ అంటాం. ఉద్యోగం మారేటప్పుడు ఖాతాదారుల జాబితాను పెన్‌డ్రైవులో వేసుకుపోవడం కూడా అదే. ఒప్పందం కింద చేతికొచ్చిన వ్యక్తిగత వివరాలను అక్రమంగా బయటపెట్టినవారికి సమాచార సాంకేతిక చట్టం 72ఎ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు ఉంది.

కనుక కంపెనీ తన సొత్తును కాపాడుకోవడం తప్పు కాదు. అందుకోసం ఇల్లంతా సోదా చేయడమే తప్పు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాలకు, యజమానిని నష్టం నుండి కాపాడేందుకు అంటూ, సమ్మతి అడగకుండానే వివరాలు వాడుకునే వీలు కల్పించింది. వ్యాపార రహస్యాల రక్షణ అందులో ఒకటి. మా దృష్టిలో ఈ తలుపు మరీ వెడల్పు. నష్టమన్న మాట కింద దేన్నయినా ఇరికించవచ్చు.

ఆ తండ్రికి మేము చెప్పినది ఇంతే. ఆండ్రాయిడ్ ఫోనులో ఆఫీసు పనికి విడిగా ఒక అర పెట్టుకునే ఏర్పాటుంది. అలా చేస్తే కంపెనీకి ఆ అరలోనిదే కనబడుతుంది, సొంత ఫోటోలు కనబడవు. ఉద్యోగం మానినప్పుడు చెరిపేసేది కూడా ఆ భాగాన్నే. ఫోను మొత్తం వారి అదుపులోకి పోయే పద్ధతి వేరే ఉంది, దానికి ఒప్పుకోనక్కరలేదు. ఏ పద్ధతో, ఏమేమి చూస్తారో కాగితం మీద అడగమనండి, లేదా కంపెనీ ఫోను ఇమ్మనండి అన్నాము.

అబ్బాయి అదే రాసి పంపాడట. జవాబు ఇంకా రాలేదు.