ఆకాశంలో గంట, నేలపై నాలుగు గంటలు

రెండు ఊళ్ల మధ్య దూరాన్ని పూర్వులు ఆమడలలో లెక్కించేవారు. తరువాతి తరాలవారు మైళ్లలో, కిలోమీటర్లలో కొలిచారు. నేటివారు గంటలలో చెబుతున్నారు. ‘హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి విమానంలో గంటంబావు ప్రయాణం’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట అసత్యం కాదు. కాని సంపూర్ణ సత్యమూ కాదు.

ఈ రెండు నగరాల మధ్య ఆకాశమార్గం సుమారు 500 కిలోమీటర్లు. విజయవాడ, రాజమహేంద్రవరాల మీదుగా సాగే రైలుమార్గం దాదాపు 700 కిలోమీటర్లు. 2023 జనవరిలో ప్రారంభమైన వందే భారత్ రైలు ఆ దూరాన్ని సుమారు ఎనిమిదిన్నర గంటలలో దాటుతుంది. ఈ అంకెలను మాత్రమే చూస్తే విమానానికి, రైలుకు పోలికే లేదనిపిస్తుంది.

అయితే ప్రయాణం విమానం ఎక్కినప్పుడు మొదలు కాదు; ఇంటి గడప దాటినప్పుడే మొదలవుతుంది. నగరం నుంచి శంషాబాదు చేరడానికి గంట పడుతుంది. తనిఖీల కోసం రెండు గంటలు ముందుగా అక్కడ ఉండాలి. దిగిన తరువాత సామాను అందుకోవడానికి అరగంట, గమ్యస్థానం చేరడానికి మరో అరగంట తప్పవు. అంటే ఆకాశంలో గంటంబావు గడిపే ప్రయాణికుడు నేలపై నాలుగు గంటలు వెచ్చిస్తున్నాడు. రైలు ప్రయాణికునికైతే స్టేషను నగరం నడిబొడ్డునే ఉంటుంది.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు తరలిపోయాయి. ఆకాశంలో దూరం మారలేదు. నేలపై దూరం పెరిగింది. విశాఖపట్నానికి నలభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న భోగాపురంలోనూ 2023లో కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. పొడవైన రన్‌వేలకు విశాలమైన భూమి కావాలి కాబట్టి విమానాశ్రయాలు ఊరి వెలుపలకు వెళ్లడం అనివార్యమే. కాని విమానాశ్రయానికి పునాది వేసిననాడే దానిని నగరంతో కలిపే రైలుమార్గానికి కూడా పునాది పడాలి. లేనిపక్షంలో గగనాన గెలిచిన కాలాన్ని రహదారిపై పోగొట్టుకోక తప్పదు.

విమానం విలాసమని కొట్టివేయడం న్యాయం కాదు. ప్రాణాపాయంలో ఉన్న తండ్రిని చూడబోయే కుమారునికి ఆ కొన్ని గంటల తేడా అమూల్యమైనది. సామాన్యునికి విమానం అందాలనే ఆశయంతోనే ఉడాన్ పథకం రూపొందింది. 2017లో ఎగిరిన తొలి విమానాలలో కడప–హైదరాబాదు సర్వీసు ఒకటి. గంటసేపు ప్రయాణానికి కొన్ని సీట్ల ధరను ఆనాడు 2,500 రూపాయలకు పరిమితం చేశారు. అయితే అది కొన్ని మార్గాలకు, కొన్ని సీట్లకు మాత్రమే పరిమితమైన సౌకర్యం.

సెలవులకు ఇంటికి పోయే విద్యార్థికి, పనికోసం వలస పోయే కూలికి నేటికీ దిక్కు రైలే. సాయంత్రం ఎక్కి తెల్లవారేసరికి దిగే గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లు వేలాదిమందికి దూరభారాన్ని నిద్రలో మరపిస్తున్నాయి. అటువంటి బండ్లలో సాధారణ తరగతి పెట్టెలను పెంచడం కొత్త విమానాలను నడపడమంత ముఖ్యమైన పని.

దూరాన్ని తగ్గించేది వేగం ఒక్కటే కాదు, అందుబాటు కూడా. కొందరికి గంట ప్రయాణంగా, అందరికీ అగమ్యంగా ఉన్న నగరం దగ్గరైనట్లు కాదు. కడపటి ప్రయాణికుడు సుఖంగా చేరగలిగిననాడే రెండు నగరాలు నిజంగా చేరువైనట్లు.