పీట సంగతి తెలిసిన ప్రొఫెసరు

మన ఇళ్ళలో పీటకున్న మర్యాద ఇంతా అంతా కాదు. బల్లలూ కుర్చీలూ వచ్చి భోజనాల పీటలు అటకెక్కాయి గాని, పెళ్ళిపీటలకు ఇంకా ఢోకా రాలేదు. అయితే పీటను మనకంటె ఎత్తున నిలబెట్టినవారు ఆఫ్రికా ఖండంలో ఉన్నారు. పశ్చిమాన ఘానా దేశంలో అషాంటీలనే జాతివారికి పీటే సింహాసనం. (కొంచెం అటూ ఇటూగా రాస్తే 'అశాంతి' అయి కూర్చుంటుంది. వారి పేరుకూ మన మాటకూ చుట్టరికమేమీ లేదు సుమండీ.) ఆ జాతి ప్రాణమంతా ఒక బంగారుపీటలో ఉన్నదని వారి నమ్మకం. దానిమీద ఎవరూ కూర్చోరు, రాజుతో సహా. 1900లో హాడ్జ్‌సన్ అనే ఇంగ్లీషు గవర్నరు ఆ సంగతి తెలియక, 'దాన్ని తెచ్చి ఇవ్వండి, నేను కూర్చోవాలి' అన్నాడు. ఆ ఒక్క మాటకు యుద్ధం జరిగింది.

ఊరి నాయకుడికి కూడా పీటే అధికారం. నాయకుణ్ణి ఎన్నుకుంటే పీట ఎక్కించారంటారు. తీసివేస్తే పీట దింపారంటారు. దింపడం మాటవరసకు చెప్పింది కాదు. నిజంగానే దింపుతారు. పీట ఎక్కించేనాడే జనమంతా వింటూండగా కొత్త నాయకుడికి కొన్ని మాటలు చెబుతారు. మమ్మల్ని తిట్టకు, పెద్దల సలహా తోసిపుచ్చకు, మేము చెప్పేది వినకుండా పోకు అని. ఆ మాట తప్పినవాడి కాలిజోళ్ళు ఊడదీస్తారు. అంతటితో ఆయన నాయకత్వం సరి.

ఈ వ్యవహారమంతా తెలిసిన పండితుడొకడు ప్రధానమంత్రి అయి, ఇరవై ఏడు నెలల్లో పదవి పోగొట్టుకున్నాడు. ఆయన పేరు కోఫీ అబ్రేఫా బుసియా.

బుసియా 1913 జూలై 11న వెంచి అనే ఊళ్ళో, అక్కడి పీటకు హక్కున్న వంశంలో పుట్టాడు. ఆ ప్రాంతంలో హక్కు తల్లివైపునుంచి వస్తుంది. మేనమామ తరువాత మేనల్లుడన్నమాట. ఆ దేశాన్ని అప్పట్లో గోల్డుకోస్టు అనేవారు, ఏలేది ఇంగ్లీషువారు. కుర్రవాడు మెథడిస్టు మిషనువారి బడిలో చదివాడు, కేప్‌కోస్టులో పేరుమోసిన ఉన్నత పాఠశాలలో చదివాడు, కుమాసీలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు, అచిమోట కళాశాలలో పంతులయ్యాడు. పంతులుగా ఉంటూనే లండన్ విశ్వవిద్యాలయం పరీక్షలకు ఇంటివద్ద చదివి డిగ్రీ తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఆక్స్‌ఫర్డు.

1942లో ఆయనకు అసిస్టెంటు డిస్ట్రిక్టు కమిషనరు ఉద్యోగం వచ్చింది. ఆ పదవి నల్లవారికివ్వడం అదే మొదలు. ఆ ఏడు ఇద్దరికిచ్చారు, అందులో ఈయనొకడు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఏమి చూశాడో తరువాత రాసిన పుస్తకం చెబుతుంది. ఆక్స్‌ఫర్డుకు మళ్ళీ వెళ్ళి 1947లో డాక్టరేటు పట్టం పుచ్చుకున్నాడు. 'ఆధునిక అషాంటీ రాజకీయ వ్యవస్థలో నాయకుని స్థానం' అన్నది విషయం. 1951లో అది అచ్చయింది. అందులోని సారాంశం చాలా సులువు. పూర్వం నాయకుడికి భయమంటే తన ఊరివారి భయమే. మాట వినకపోతే పీట దింపుతారు. ఇంగ్లీషువారు వచ్చాక ఆయన దొరవారి మెప్పు చూసుకోవాల్సివచ్చింది. దొర కాపాడుతున్నంతకాలం జనం మాట వినకపోయినా చెల్లుతుంది. చదువుకున్న పడుచువారికి నాయకుడి కొలువులో చోటు లేదు, వారికి కోపం. జనం నాయకుడికి దూరమయ్యారు, నాయకుడు జనానికి దూరమయ్యాడు.

ఇంత తెలిసినవాడిని విశ్వవిద్యాలయం వదులుతుందా? 1949లో ఉద్యోగం మాని, కొత్తగా పెట్టిన గోల్డుకోస్టు విశ్వవిద్యాలయ కళాశాలలో చేరాడు. సెకొండి-టకొరాడి రేవుపట్నంలో జనం ఎట్లా బతుకుతున్నారో, ఇళ్ళూ జీతాలూ ఎట్లా ఉన్నాయో పరిశోధించి పుస్తకం రాశాడు. 1954లో సమాజశాస్త్రంలో ప్రొఫెసరయ్యాడు. ఆ కళాశాలలో ప్రొఫెసరు పీఠం దక్కిన మొదటి ఆఫ్రికావాడు ఆయనే.

అక్కడ ఆగి ఉంటే బాగుండేదని అనేవారున్నారు. నేను అననుగాని, అనేవారి మాట తీసిపారేయను. 1951లోనే ఆయన శాసనసభలో కూర్చున్నాడు. అది జనం ఓటుమీద వచ్చిన చోటు కాదు, అషాంటీ నాయకుల మండలి పంపించింది. ఆ సమయంలో దేశమంతా క్వామే ఎన్‌క్రూమా పేరు మోగిపోతున్నది. ఎన్‌క్రూమా జైలునుంచి ఎన్నికలు గెలిచి వచ్చినవాడు. సంతలో కూరలమ్మే ఆడవాళ్ళతోనూ, చదువు సగంలో మానిన కుర్రవాళ్ళతోనూ వాళ్ళ భాషలో మాట్లాడగలవాడు. బుసియా ఉపన్యాసం వింటే తరగతిలో కూర్చున్నట్టుండేది. 1954 ఎన్నికల్లో ఆయన పార్టీకి దక్కినది ఒకే ఒక్క స్థానం. అది ఆయనదే.

అప్పుడు కోకో అడ్డం వచ్చింది. కోకో అంటే చాక్లెట్టుకు మూలం. మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో చెట్టు మొదలుకే కాయలు అంటుకుని కనిపిస్తాయే, అదే. అషాంటీ రైతు బతుకంతా దానిమీదే. ప్రపంచంలో ధర బాగా పెరిగి ఉన్న 1954లో, ఎన్‌క్రూమా ప్రభుత్వం రైతుకిచ్చే ధరను అరవై పౌన్ల బరువుకు 72 షిల్లింగులని కట్టేసింది. మిగతాది దేశాభివృద్ధికట. రైతులు భగ్గుమన్నారు. నాయకులూ రైతులూ కలిసి కుమాసీలో ఒక ఉద్యమం లేవదీశారు. బాంబులు పడ్డాయి, హత్యలు జరిగాయి. ప్రొఫెసరుగారు ఆ ఉద్యమానికి శాసనసభలో గొంతు అయ్యారు. దేశానికి ఒకే కేంద్రం వద్దు, ప్రాంతాలకు అధికారాలుండాలన్నది వారి వాదం. 1956లో లండన్ వెళ్ళి, ఈ ఏర్పాట్లు తేలేదాకా స్వాతంత్ర్యం తొందరపడి ఇవ్వవద్దని చెప్పి వచ్చాడు. ఆ మాట ఆయనను జీవితాంతం వెంటాడింది. ఆయన భయపడినదాంట్లో నిజం ఉన్నది. కాని స్వాతంత్ర్యం గుమ్మంలో నిలబడి ఉండగా 'కాస్త ఆగు' అన్నవాడిని ఏ దేశంవారు క్షమిస్తారు?

1957 మార్చి 6న ఘానా స్వతంత్రమయింది. మరుసటేడే నిర్బంధ శాసనం వచ్చింది. విచారణ లేకుండా అయిదేళ్ళదాకా జైల్లో పెట్టవచ్చు. ప్రతిపక్షంవారు ఒక్కరొక్కరే లోపలికి పోయారు. ప్రతిపక్ష నాయకుడైన బుసియా 1959లో దేశం విడిచి వెళ్ళి, హాలెండులోనూ తరువాత ఆక్స్‌ఫర్డులోనూ పాఠాలు చెప్పుకున్నాడు. ఆయన సహచరుడూ, పేరుమోసిన న్యాయవాదీ అయిన జె. బి. డాంక్వా దేశంలోనే ఉండిపోయాడు; 1965లో ఎన్‌సవామ్ జైల్లో కన్నుమూశాడు. పరాయిదేశంలో కూర్చుని బుసియా ప్రజాస్వామ్యం గురించి రాశాడు. ప్రతిపక్షం ఉండాలి, న్యాయస్థానం స్వతంత్రంగా ఉండాలి, ఒకే పార్టీ పాలన ఆఫ్రికా సంప్రదాయమనడం అబద్ధం, మా ఊరి పీట చుట్టూ జరిగే మంతనాల్లో ప్రతివాడూ మాట్లాడేవాడు అని.

1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రూమా పెకింగులో ఉండగా సైన్యంవారు ఆయనను దింపేశారు. బుసియా తిరిగివచ్చాడు. సైన్యం పౌరులకు అధికారం తిరిగి ఇవ్వడానికి ఎన్నికలు జరిపింది. 1969 ఆగస్టులో ఆయన పార్టీకి 140 స్థానాల్లో 105 వచ్చాయి. యాభై ఆరేళ్ళ వయసులో ప్రొఫెసరుగారు ప్రధానమంత్రి అయ్యారు.

పల్లెలకు రోడ్లూ మంచినీళ్ళూ కరెంటూ అందించాలని ఆయన పట్టుపట్టాడు. ఆ పని కొంత జరిగింది కూడా. పల్లెటూరివారు ఆ సంగతి మరిచిపోలేదు. కాని నవంబరు 18న వచ్చిన ఉత్తర్వు చూడండి. అనుమతి కాగితం లేని పరదేశీయులు పద్నాలుగు రోజుల్లో దేశం విడిచిపోవాలన్నది. నైజీరియానుంచి వచ్చి రెండు మూడు తరాలుగా సంతల్లో కొట్లు పెట్టుకున్న యొరుబావారు, ఎగువ వోల్టానుంచి వచ్చి కోకో తోటల్లో కూలి చేసుకునేవారు, అందరూ మూటాముల్లె సర్దుకున్నారు. లక్షకు పైగా జనం. పుట్టి పెరిగిన ఊరినుంచి పోతూ, అమ్మినదానికి వచ్చినంత పుచ్చుకున్నారు. సమాజశాస్త్రజ్ఞుడికి ఆ మనుషులెవరో తెలియదా? సెకొండి-టకొరాడిలో ఇంటింటి వివరం సేకరించినవాడు కదా! పైగా కూలీలు పోయాక కోకో తోటల్లో పని చేసేవారు కరువయ్యారు. 1983లో నైజీరియా ఆ బాకీ తీర్చుకున్నది. పది లక్షలకు పైగా ఘానావారిని వెళ్ళగొట్టింది. గళ్ళ గళ్ళ ప్లాస్టిక్ సంచుల్లో సామాను కుక్కుకుని వారు నడిచారు. ఈనాటికీ పశ్చిమాఫ్రికాలో ఆ సంచి పేరు 'ఘానావాళ్ళు పోవాలి'!

1970 ఫిబ్రవరిలో ఇంకొకటి. 568 మంది ప్రభుత్వోద్యోగులను ఒక్క దెబ్బతో తీసేశారు. చంద్రుడిమీదికి రాకెట్టు పోయిన రోజులు కనుక జనం దానికి 'అపోలో 568' అని పేరు పెట్టారు. అందులో సల్లా అనే ఆయన, ప్రభుత్వ వర్తక సంస్థలో మేనేజరు, ఊరుకోక సుప్రీంకోర్టుకెక్కాడు. సర్కారు వకీలు వాదన వినదగ్గది: 1966లో సైన్యం రాజ్యాంగాన్ని కూల్చినప్పుడు పాత ఉద్యోగాలన్నీ కూలాయి, తరువాత ఉన్నవన్నీ సైన్యం సృష్టించినవే, కనుక కొత్త రాజ్యాంగం ప్రకారం తీసేయవచ్చు అని. దీనికి విదేశీ న్యాయపండితుడి సిద్ధాంతమొకటి ఆసరా. న్యాయమూర్తుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆ ఉద్యోగం సైన్యం రాకముందునుంచీ ఉన్నదే కదా, సైన్యం దాన్ని సృష్టించడమేమిటన్నారు. సల్లా గెలిచాడు.

ఆ తీర్పు వచ్చినప్పుడు ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడాడు. ఫలానావాడిని ఉద్యోగంలో పెట్టుకోమని ఏ కోర్టూ తన ప్రభుత్వాన్ని బలవంతపెట్టజాలదన్నాడు. న్యాయస్థానం స్వతంత్రంగా ఉండాలని హాలెండులో కూర్చుని రాసిన చెయ్యే ఈ మాట రాసి చదివించింది. మాట వినకపోతే పీట దింపుతారని ప్రపంచానికి చెప్పినవాడు కూడా ఆయనే. అధికారానికి అంత మత్తున్నదా, లేక పండితుడికి తనను తప్పుపట్టేవాడు ఎప్పుడూ సరిగ్గా చదవని విద్యార్థిలాగే కనిపిస్తాడా? రెండోదే అని నా అనుమానం.

తక్కినది త్వరగా జరిగింది. ఎన్‌క్రూమానాటి అప్పులు నెత్తిమీద ఉన్నాయి. కోకో ధర పడిపోయింది. 1971 బడ్జెట్టులో అభివృద్ధి పన్ను వేశారు. కార్మికులు సమ్మె చేస్తే, సెప్టెంబరులో హడావిడిగా చట్టం చేసి కార్మిక సంఘాల సమాఖ్యనే రద్దుచేశారు. డిసెంబరు 27న సెడి అనే తమ నాణెం విలువ 44 శాతం తగ్గించారు. అర్థశాస్త్రం తెలిసినవారు అది తప్పనిసరి అన్నారు. కాని పాలడబ్బా కొనుక్కునే తల్లికి ఆ శాస్త్రం ఎవరు బోధించాలి? క్రిస్మస్ పండుగ వెళ్ళి రెండు రోజులైనా కాలేదు, విదేశాలనుంచి వచ్చే ప్రతి వస్తువూ అందని ఎత్తుకెళ్ళింది.

1972 జనవరి 13న కర్నల్ అచియాంపాంగ్ అధికారం లాక్కున్నాడు. సైనికులకున్న చిన్న చిన్న సదుపాయాలు కూడా ఈ ప్రభుత్వం తీసేసిందని అతని ఫిర్యాదు. బుసియా అప్పుడు వైద్యం కోసం లండన్‌లో ఉన్నాడు. మూడు వంతుల స్థానాలిచ్చిన జనం వీధుల్లోకి రాలేదు. ఎన్‌క్రూమాను దింపినప్పుడు ఆయన పెకింగులో, తనను దింపినప్పుడు తాను లండన్‌లో! ఇద్దరూ మళ్ళీ సొంత దేశంలో బతకలేదు. ఎన్‌క్రూమా అదే ఏడు ఏప్రిల్లో బుఖారెస్టులో పోయాడు. బుసియా ఆక్స్‌ఫర్డులో ఉండి, 1978 ఆగస్టు 28న గుండె ఆగి పోయాడు. శవాన్ని స్వదేశానికి తెచ్చి, ప్రభుత్వ లాంఛనాలతో వెంచిలో పూడ్చిపెట్టారు. ఆయనను దింపిన అచియాంపాంగ్‌ను అప్పటికి కొద్ది వారాల ముందే తోటి సైన్యాధికారులు దింపేశారు.

బుసియా మంత్రివర్గంలో ముప్ఫయి ఏళ్ళ యువకుడొకడు విదేశాంగ ఉపమంత్రిగా ఉండేవాడు. పేరు జాన్ కుఫువర్. ఆయన 2001లో దేశాధ్యక్షుడై, రెండు విడతలు పూర్తిచేశాడు. తరువాతి ఎన్నికలో ఆయన పార్టీ అభ్యర్థి నూటికి ఒక్క ఓటు కూడా తేడా లేకుండా ఓడిపోయాడు. 2009 జనవరి 7న కుఫువర్ పీట దిగి, ఎదుటి పార్టీవాడికి అప్పగించి ఇంటికి వెళ్ళాడు. పీట ఎక్కిన జాన్ అట్టా మిల్స్, ఆ దేశపు విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి న్యాయశాస్త్రం బోధించిన ప్రొఫెసరు.