కష్టకాలమున కలిగిన సంతోషము



ఆపద కలిగిన యింటికి పరామర్శకు పోయినపుడు మనవారిలో కొందరు పలుకుచుండు మాట యొకటి కలదు. "నీకు నిజమైన విశ్వాసమే యున్నచో నింతగా దుఃఖింతువా?" అని యడుగుదురు. అడుగువారి యుద్దేశము మంచిదే కావచ్చును. కాని బిడ్డను కోల్పోయిన తల్లికిని, పెనిమిటికి జీవనోపాధి తప్పిన యిల్లాలికిని ఈ మాట యోదార్పుగా దోపదు. నేరము మోపినట్లే తోచును. ఉన్న దుఃఖమునకు తోడు, దుఃఖించుచున్నందుకు మరియొక దుఃఖము తగులుకొనును. క్రీస్తును నమ్మినవారు తక్షణమే సంతోషింపవలెననియు, సంతోషింపనివారు నమ్మనివారే యనియు మొదట నెవరు చెప్పిరో మాకు తెలియదు. పండిత రమాబాయి చరిత్రమును చదివినవారు మాత్రము అట్లు చెప్పజాలరు.

రమాబాయి 1858వ సంవత్సరమున జన్మించెను. తండ్రి యనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు సంస్కృతము కూడదని పెద్దలు వారించుచున్నను లక్ష్యపెట్టక, ఆయన తన భార్యయగు లక్ష్మీబాయికి చదువు చెప్పెను. పడమటి కనుమలలోని గంగామూలమను నడవికి పోయి కుటుంబముతో నచ్చట నివసించెను. తల్లి తాను నేర్చినదానిని కూతునకు నేర్పెను. ఇంటిపనికి పొద్దు చాలదు గనుక తెల్లవారకమునుపే బిడ్డను లేపి, ఒడిలో నుంచుకొని శ్లోకములు వల్లె వేయించెడిదట. పండ్రెండేండ్లు నిండునప్పటికే ఆ బాలికకు భాగవతములోని 18,000 శ్లోకములును కంఠస్థములయ్యెనని చెప్పుదురు. బడికి పోక యింటనే యమరమును శబ్దమంజరియు వల్లించిన మావంటివారికి ఆ సంఖ్య విన్నంతనే తల తిరుగును.

ఆ కుటుంబము తీర్థములు తిరుగుచు, క్షేత్రములలో పురాణము చదువుచు, దొరకిన సంభావనలతో జీవించెడిది. 1874వ సంవత్సర ప్రాంతమున దక్షిణదేశమున క్షామము వచ్చెను. చేతనున్న ధనము వ్రతములకును దానములకును వ్యయమై పోయెను. చదువు తప్ప వేరొక పని వారెరుగరు; యాచించుటకు అభిమాన మడ్డువచ్చెను. మన తిరుపతి ప్రాంతపు టడవిలో ఆకులును ఈతపండ్లును నీరును ఆహారముగ పెక్కు దినములు గడపిరి. వృద్ధుడగు తండ్రి యాకలికోర్వలేక నీట మునిగి ప్రాణము విడువ నిశ్చయింపగా, కొడుకు శ్రీనివాసుడు తాను కూలిపనియైనను చేసి యందరిని పోషింతునని చెప్పి యాపెను. అయినను కొలది కాలములోనే తండ్రియు తల్లియు అక్కయు ఒకరి వెనుక నొకరు గతించిరి. మిగిలిన యన్నాచెల్లెండ్రు కాలినడకను దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరిరి.

ఈ కథను ఇతర మతములను దూషించుటకై వాడుకొనువారు కలరు. మాకది సమ్మతము గాదు. చీకటి తొలగక మునుపే లేచి కూతునకు చదువు చెప్పిన యా తల్లి ఋణమును రమాబాయి యెన్నడును మరువలేదు.

కలకత్తాలో పండితులామెను పరీక్షించి, మెచ్చి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లొసంగిరి. 1880లో అన్న మరణించెను. ఆ యేటనే బిపిన్ బిహారీ మేధావి యను వంగదేశపు న్యాయవాదిని వివాహమాడెను. 1881లో మనోరమ పుట్టెను. 1882లో భర్త విషూచి వలన పోయెను. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే యింటివారి నందరిని పోగొట్టుకొని, చంకలో బిడ్డతో నామె నిలిచెను.

భర్త యింటనున్నపుడే వంగభాషలోని లూకా సువార్త యామె కంటబడినది. 1883లో ఇంగ్లండు పోయినపుడు, వాంటేజిలోని క్రైస్తవ సన్న్యాసినులు లండనులోని ఫుల్‌హాములో పతితస్త్రీలకై నడపుచుండిన యాశ్రమము నామెకు చూపిరి. లోకము వెలివేసిన స్త్రీలను ఇంత యాదరముతో నేల చూతురని యామె యడిగెను. వారు యోహాను సువార్త నాలుగవ అధ్యాయము తీసి, నూతియొద్ద ప్రభువు సమరయ స్త్రీతో మాటలాడిన వృత్తాంతమును చదివి వినిపించిరి. ఏ శాస్త్రవాదమునకును లొంగని పండితురాలు ఈ కథకు లొంగెను. ఆ సెప్టెంబరులో తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి.

చరిత్ర చెప్పువారు సాధారణముగ నిచ్చట నాగి స్తోత్రము చెప్పి ముగింతురు. మేమాగము, మనకు కావలసిన సంగతి యిక ముందున్నది. బాప్తిస్మము పొందిన తరువాత సుమారు ఎనిమిది సంవత్సరములు తన మనస్సునకు నెమ్మది లేదని రమాబాయియే వ్రాసినది. ఆ యెనిమిదేండ్లును ఆమె యూరకుండలేదు: అమెరికా పోయి ఉపన్యసించెను, 1889లో బొంబాయిలో విధవల కొరకు శారదాసదనమును స్థాపించెను, మరుసటి యేట దానిని పూనాకు మార్చెను. పేరున్నది, పనియున్నది, ప్రార్థనయు నున్నది. సంతోషము మాత్రము లేదు. తనకు క్రైస్తవమతము దొరకినది గాని క్రీస్తు దొరకలేదని తరువాత నామె గ్రహించెను. 1891 ప్రాంతమున విలియం హాస్లాం అను నాంగ్లేయ గురువు వ్రాసిన స్వీయచరిత్ర యామె చేతికి వచ్చెను. ఆయన వేదికపై తాను చేయుచున్న ప్రసంగమువలన తానే మారినవాడట! దానిని చదివి, తనలోని లోపమేదో యామె వెదకుకొనెను. తగినంత మంచిదాననైన పిమ్మట దేవుడు నన్ను చేర్చుకొనునని యెదురుచూచుటయే యా లోపము. పుట్టింటికి వచ్చిన కూతురు అన్నము పెట్టుడని యర్జీ వ్రాసికొనదు గదా! ఉన్నదున్నట్లుగ వచ్చి కూర్చుండిననాడు ఆమెకు నెమ్మది కలిగెను.

అంత మాత్రమున కష్టములు తీరలేదు సుమా. 1893లో, శారదాసదనపు బాలికలు క్రైస్తవ ప్రార్థనలవైపు మొగ్గుచున్నారని పూనాలో పెద్ద యలజడి పుట్టెను. రానడే, భండార్కరు మొదలగు పెద్దలు ఆలోచన సభను విడిచిరి. పలువురు తమ పిల్లలను తీసికొనిపోయిరి. మతప్రసక్తి లేకుండ చదువు చెప్పించెదరను నమ్మకముతో పంపిన తల్లిదండ్రుల కోపము నిష్కారణమని మేమనజాలము. అయినను ఆ యేండ్లలో నామె వ్రాతలయందు మునుపులేని నిబ్బరము కానవచ్చును.

దేవుని నడిపింపును గూర్చి యడుగు సోదరీమణులకు 1896, 97 సంవత్సరముల సంగతి చెప్పవలెను. మధ్యపరగణాలలో ఘోరక్షామము. ఆమెను నడిపించినది స్వప్నము గాదు, శకునము గాదు. తాను పస్తుండిన దినముల జ్ఞాపకము. ఆ యాకలి యెట్టిదో తెలిసినది గనుక నూరక కూర్చుండలేక, స్వయముగ పోయి దిక్కులేని బాలికలను వందలకొలదిగ వెంటబెట్టుకొని వచ్చెను. పూనా జిల్లాలోని కేడ్గాం గ్రామమున కొనియుంచిన భూమిలో నూతులు త్రవ్వించి, చెట్లు నాటించి, వారికి ముక్తిసదనమును కట్టించెను. నేత, సేద్యము, అచ్చుపని నేర్పించెను. ఫుల్‌హాములో చూచినదానిని మరువక పతితస్త్రీలకై కృపాసదనమును పెట్టెను. గ్రుడ్డివారికి వేరుగ నొక యిల్లేర్పరచెను. ముక్తిసదనము నేటికిని కేడ్గాంలో నడచుచున్నది.

తుదిదినములలో నామె చేపట్టిన పని పరిశుద్ధ గ్రంథమును హెబ్రీ, గ్రీకు మూలములనుండి మరాఠీలోనికి తెచ్చుట. అందుకై ఆ రెండు భాషలను శ్రమపడి నేర్చెను. భాగవత మంతయు నోటనున్న పండితురాలు, సంస్కృత పదములు వానియంతట నవి వచ్చుచుండగా వానిని ప్రక్కకు నెట్టి, చదువుకొనని పల్లెపడుచునకు తెలియు పలుకుల కొరకు వెదకెను. ఇంతలో 1921వ సంవత్సరము జూలైలో, తన తరువాత సదనమును నడపునని యాశపడిన మనోరమ నలువదేండ్ల వయస్సున మరణించెను. రమాబాయి యేడ్వలేదని యెవరైన చెప్పినను మేము నమ్మము. వార్ధక్యము, రోగము, చెవిటితనము. వీనితోడనే మరల కాగితముల ముందు కూర్చుండెను. 1922 ఏప్రిలు 5వ తేదీన కన్నుమూయునాటికి అనువాదము పూర్తియైయుండెను.