ఇంటి పట్టరైలో నేర్చిన పాఠాలు

వేసవి సెలవులకు మా మనుమడు కోయంబత్తూరు వచ్చాడు. పదమూడేళ్ల వాడు. వచ్చిన మర్నాడే పెరటి షెడ్డు తాళంచెవి అడిగాడు. మేము సంతోషంగా ఇవ్వబోతుంటే మా అమ్మాయి అడ్డం వచ్చి, “నాయనా, వాణ్ణి మాత్రం అందులోకి రానీయవద్దు. నీ బొటనవేలు చూస్తూ పెరిగినదాన్ని నేను” అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. తాళంచెవి మళ్లీ మేకుకు తగిలించాము.

మా ఊరి సంగతి తెలియనివారికి నాలుగు మాటలు చెప్పవలెను. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చిన తరువాత ఇక్కడ మిల్లులు పెరిగినవి. మిల్లుల వెంబడి పోత కార్ఖానాలు, పంపులు, మోటార్లు వచ్చినవి. 1937లో మన జి.డి. నాయుడుగారు, బాలసుందరంగారు కలిసి పీలమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేయించారు. ఆ గాలి వీధివీధికీ సోకింది. ఇంటి వెనుక ఒక రేకుల షెడ్డు, అందులో ఒక లేతు, ఒక డ్రిల్లు మిషను, ఒక బెంచి వైసు ఉన్నవారు మా బంధువుల్లోనే పదిమంది ఉంటారు. దాన్ని ఇక్కడివారు పట్టరై అంటారు. తమిళం మాటే గాని, ఇంట్లో తెలుగు మాట్లాడే మేమూ అదే అంటాము.

ఇక బొటనవేలి కథ. 1988లో పూజగది గంట వేలాడదీయడానికి పలుచని ఇత్తడి పట్టీకి బెజ్జం వేయబోయాము. చిన్నపనే కదా అని పట్టీని ఎడమచేత్తో పట్టుకున్నాము. డ్రిల్లు అవతలికి దిగే క్షణాన ముక్క డ్రిల్లును కరుచుకుని గిర్రున తిరిగింది. బొటనవేలి మొదట్లో నరం తెగింది. అప్పటికి తొమ్మిదేళ్ల మా అమ్మాయే తువ్వాలు తెచ్చి చుట్టింది. ఆ వేలి కొన ఈనాటికీ వంగదు.

ఎందుకు జరిగిందో మాకు ఆ తరువాత తెలిసింది. బెజ్జం పూర్తయ్యేవేళ అడుగున మిగిలిన పలుచని పొర సరిగా తెగదు. మరమేకు ఎక్కినట్లు డ్రిల్లు గాడిలోకి ఎక్కుతుంది. ఇత్తడిలో ఈ గుణం మరీ ఎక్కువ, ఎందుకనగా పదునైన డ్రిల్లు దానిలోకి తనంతట తానే దూసుకుపోతుంది. ఇత్తడికి వాడే డ్రిల్లు పదునును సన్నని సానరాయితో రెండుసార్లు రుద్ది కొంచెం మొద్దుచేస్తే అది గోకుతుందే గాని దూసుకుపోదు. ముక్క క్రింద చెక్క పెట్టి, రెండింటినీ కలిపి బిగించవలెను. బెజ్జం ఎంత చిన్నదైనా ముక్కను చేత్తో పట్టరాదు. “చేతితొడుగు వేసుకుంటే తప్పేది కదా” అన్నవారు ఉన్నారు. అది పొరపాటు. తిరిగే యంత్రం దగ్గర తొడుగు వేలిని కాపాడదు, చేతినంతా లోపలికి లాగుతుంది. లుంగీ కొంగు, ఉంగరం, పొడుగు చేతుల చొక్కా కూడా అంతే.

ఆ రాత్రి మేము ఒక కాగితం తీసుకుని, ఇన్నేళ్లలో చెడగొట్టిన పనులన్నీ రాసుకున్నాము. అందులో కొన్ని పాఠకులకు పనికివస్తవి.

ఒకటి, తొందర. మొదటి రోజుల్లో డ్రిల్లు ఎంత వేగంగా తిరిగితే పని అంత త్వరగా అవుతుందనుకున్నాము. డ్రిల్లులు నీలంగా కాలి మొద్దుబారినవి. ఇప్పుడు మెత్తని ఉక్కుకైతే 8000ని డ్రిల్లు మిల్లీమీటర్లతో భాగించి, నిమిషానికి అన్ని చుట్లు పెట్టుకుంటున్నాము. 10 మిల్లీమీటర్ల డ్రిల్లుకు 800 చుట్లు, 5 మిల్లీమీటర్ల దానికి 1600. ఇత్తడికి ఇంతకు రెట్టింపు పెట్టవచ్చును.

రెండు, మర తీయడం. 6 మిల్లీమీటర్ల మామూలు మరకు 5 మిల్లీమీటర్ల బెజ్జం కావలెను. మర వ్యాసంలోనుంచి ఒక చుట్టుకూ మరొక చుట్టుకూ ఉన్న దూరం, అనగా 1 మిల్లీమీటరు, తీసివేస్తే లెక్క సరిపోతుంది. మేము ఒకసారి చేతికి దొరికిన నాలుగున్నర డ్రిల్లుతోనే సరిపెట్టాము. ట్యాపు లోపలే విరిగింది. అది డ్రిల్లుకు లొంగని గట్టి ఉక్కు. రెండు దినాల పని పారవేయవలసివచ్చింది. ట్యాపును అరచుట్టు ముందుకు తిప్పి, పావుచుట్టు వెనక్కు తిప్పి రజను తెంపుతూ పోవలెను. ఉక్కుకు నూనె తప్పదు. పోత ఇనుముకు, ఇత్తడికి అక్కరలేదు.

మూడు, కొలత. ఒక రైతు మిత్రుని పంపుకు 25 మిల్లీమీటర్ల షాఫ్టు తిప్పి, వేడిగా ఉండగానే కొలిచి సరిగ్గా ఉన్నదనుకున్నాము. ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే ఆ మందంలో సుమారు 0.012 మిల్లీమీటరు ఉబ్బుతుంది. చల్లారేసరికి షాఫ్టు సన్నబడి, బేరింగు దాని మీద జారిపోయింది. నాట్ల కాలంలో ఆయన మడి రెండు దినాలు ఎండింది. ఆయన మమ్మల్ని ఒక్కమాట అనలేదు, అంటేనే బాగుండేదనిపించింది. అప్పటినుంచి ముక్క చేతికి చల్లగా తగిలేదాకా కొలతపరికరం ముట్టము.

నాలుగు, ఆకురాయి. అది ముందుకు పోయేటప్పుడే కోస్తుంది. వెనక్కు నొక్కి లాగితే పళ్లు అరుగుతవి. దానికి ముందుగా సుద్దముక్క రాస్తే రజను పళ్లలో ఇరుక్కోదు. వైసు మోచేతి ఎత్తున ఉండవలెను. పిడి లేని ఆకురాయితో పనిచేయరాదు. దాని తోక అరచేతిలో దిగుతుంది.

అయిదు, లేతు చక్కు తాళం. దానిమీద చెయ్యి తీస్తే తాళం కూడా బయటికి రావలెను. అందులో మరచిపోయి స్విచ్చి వేస్తే తాళం రాయిలా ఎగిరి ముఖానికి తగులుతుంది. కంటి అద్దాలు లేకుండా స్విచ్చి ముట్టరాదు.

మర్నాడు ఆ కాగితం మా అమ్మాయి చేతికి ఇచ్చాము. నిలబడే చదివింది. “ఇన్ని పొరపాట్లా నాయనా?” అన్నది. “నీకు తెలిసింది ఒక్కటే” అన్నాము. చాలాసేపు ఊరుకుని, “యంత్రం మాత్రం ముట్టగూడదు. చేతిపనయితే సరే” అన్నది. మాకు అన్యాయమనిపించలేదు. ఆలోచిస్తే అదే సరైన వరస. మాకు మొదట లేతు దొరకడం వల్లనే చెయ్యి కుదరకముందే యంత్రానికి అలవాటుపడ్డాము.

సెలవులు నెలరోజులూ వాడు ఒకే ఒక ఇనుప ముక్కను ఆకురాయితో రుద్దాడు. నాలుగు పక్కలూ మూలమట్టానికి సరిపడాలి, మధ్య వెలుతురు కనబడరాదు అన్నాము. మొదటి వారం విసుక్కున్నాడు. రెండవ వారం మేము పిలవకుండానే వచ్చాడు. మూడవ వారం ఒక పక్క సరిపోయింది. మూలమట్టం పెట్టి కిటికీ వైపు ఎత్తి చూసి, “తాతా, వెలుతురు లేదు” అని అరిచాడు. గుమ్మంలో నిలబడి ఉన్న వాళ్లమ్మ లోపలికి వచ్చి, తానూ ఎత్తి చూసింది. తరువాత మా ఎడమచెయ్యి పట్టుకుని, ఆ వంగని వేలిని ఒకసారి నిమిరి పోయింది.

దసరా సెలవులకు వాడు మళ్లీ వస్తాడు. డ్రిల్లు సంగతి అప్పుడు వాళ్లమ్మను అడగవలెను. ఈలోగా పాఠకుల్లో పట్టరై ఉన్నవారు తాము చెడగొట్టిన పనులేవో రాసి పంపితే, మా కాగితానికి జతచేసి పిల్లవాడికి చదివి వినిపిస్తాము. చక్కగా చేసిన పనులు రాయనక్కరలేదు. అవి కంటికి కనబడుతూనే ఉంటవి.