పదహారేళ్ళ వయసు సరే, పదహారు డిగ్రీలెందుకు?

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పగానే ఎప్పటిలాగే మా హీరో గొప్పా మీ హీరో గొప్పా అన్న గొడవ. వాటిని వచ్చే వారానికి వాయిదా వేశాను. అభిమానులు మన్నించాలి. కారణం, కట్ట అడుగున దొరికిన ఒక ఉత్తరం. బాల్కొండ నుంచి వచ్చింది. రాసినతను డిగ్రీ రెండో సంవత్సరం. పేరు వెయ్యొద్దన్నాడు, ఇంట్లో అందరూ ఈ పేజీ చదువుతారట. మూడు పేజీల ఉత్తరంలో సినిమా గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మిగతాదంతా ఏసీ గొడవ. కొంత భాగం అతని మాటల్లోనే చదవండి.

"సార్, మార్చిల పసుపు అమ్మినంక మా బాపు ఒకటిన్నర టన్ను ఏసీ కొన్నడు. మా అన్న దోహాల పని చేస్తడు, పెండ్లి కోసమని వచ్చిండు. వచ్చిన కాన్నుంచి రిమోట్ ఆయన చేతులనే. పదహారు దాటనియ్యడు. ఏసీ అంటే థియేటర్ లెక్క ఉండాలె అంటడు. అవ్వ రెండు దుప్పట్లు కప్పుకుంటది. మా బాపమ్మ రెండు రాత్రులు చూసి మూడో రాత్రి మంచం గుంజుకొని వాకిట్లకు పోయింది. మొన్న రాత్రి ఆ ఉక్కలనే కండ్లు తిరిగి పడ్డది. ఇగ కరెంటు బిల్లు చూసి బాపు ఏసీ అమ్మేస్త అంటున్నడు. అసలు ఎన్ని మీద పెట్టాలె సార్? మీరు రాస్తే అన్న వింటడు."

తమ్ముడూ, ముందు బాపమ్మను డాక్టరుకు చూపించారా లేదా? ఉత్తరంలో ఆ ముక్క లేదు. చూపించకపోతే ఈ పేజీ పక్కన పెట్టి ఆ పని చూడు. తర్వాత చదువుకోవచ్చు.

మీ అన్న మాటకు వద్దాం. ఏసీ అంటే థియేటర్‌లా ఉండాలన్నాడు కదా, ఆ మాటకు మూలం లేకపోలేదు. మనలో చాలామందికి ఆ చల్లగాలి మొదట తగిలింది సినిమా హాల్లోనే. గోడమీది పోస్టర్లో సినిమా పేరు కింద మంచు గడ్డకట్టినట్టున్న అక్షరాలతో 'ఎయిర్ కండిషన్డ్' అని ఉంటే చాలు, మేటినీకి జనం బారులు తీరేవారు. కథ ఎలా ఉన్నా మూడు గంటలు ఎండ తప్పుతుంది కదా! ఇది మన దేశపు చమత్కారం మాత్రమే కాదు. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు ఈ యంత్రానికి రూపకల్పన చేసింది మనుషుల కోసం కాదు, బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం. గాలిలో తేమకు కాగితం సాగి, రంగు మీద రంగు సరిగ్గా పడేది కాదట. అంటే ఇలాంటి పత్రికల ముఖచిత్రం మీద హీరోయిన్ పెదవి రంగు బుగ్గకు పాకకుండా ఉండటానికే ఏసీ పుట్టిందన్నమాట! మనుషులకు దాని రుచి చూపించింది సినిమా. 1925 వేసవిలో న్యూయార్కు రివోలీ థియేటర్లో పెట్టారు. అంతకు ముందు అక్కడ ఎండాకాలం హాళ్ళు ఈగలు తోలుకునేవి. ఆ తర్వాత వేసవే పెద్ద సినిమాల సీజన్ అయి కూర్చుంది. మన దేశంలో 1933లో బొంబాయిలో తెరిచిన రీగల్‌ను మొదటి ఏసీ హాళ్ళలో ఒకటిగా చెప్పుకుంటారు.

అయితే హాలు అంత చల్లగా ఎందుకుంటుందో మీ అన్న ఎప్పుడైనా ఆలోచించాడా? ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు వంద వాట్ల వేడి బయటికి వస్తూ ఉంటుంది, పాత రకం వంద బల్బు వెలిగినట్టు. ఆరు వందల మంది కూర్చుంటే అరవై వేల వాట్లు. ఒక టన్ను అంటే మూడున్నర వేల వాట్ల వేడిని లాగెయ్యడం. ఈ టన్ను యంత్రం బరువు కాదు, ఒక టన్ను మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరిగితే ఎంత చల్లదనం ఇస్తుందో అంత. ఆ లెక్కన మనుషుల వేడి తియ్యడానికే పదిహేడు టన్నులు కావాలి. అందుకని టైటిల్స్ పడకముందే హాలును బాగా చల్లబరుస్తారు. హౌస్‌ఫుల్ అయితే ఇంటర్వెల్‌కల్లా సరిపోతుంది. సినిమా ఫ్లాపై ముప్ఫై మందే ఉన్నారో, మీకు చలిజ్వరం ఖాయం. మీ గదిలో ఎంతమంది ఉన్నారు? ముగ్గురో నలుగురో. ఫ్లాపు సినిమాకు హౌస్‌ఫుల్ ఏర్పాటు చేస్తున్నాడు మీ అన్న!

దోహా సంగతి కూడా అంతే. గల్ఫ్ క్యాంపు గదుల గురించి బాల్కొండ, ఆర్మూరు వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మంచం మీద మంచం, గదికి ఆరుగురో ఎనమండుగురో. పగలంతా ఎండలో కాలిన ఒళ్ళు. అక్కడి ఎండ ఎలాంటిదంటే 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున పదింటినుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని ఖతార్‌లో నిబంధన పెట్టారు. అలాంటి చోట నుంచి గదికి వచ్చిన మనిషి రిమోట్ అందుకుని అడుగు దాకా నొక్కితే నేను తప్పు పట్టను. ఆ చలిలో అతనికి దొరికింది విశ్రాంతి. దాన్నే ఇంటికి తెచ్చుకుందామనుకున్నాడు. అతన్ని ఆ మాటతో ఎద్దేవా చెయ్యకు.

కాకపోతే మన ఒళ్ళు ఏమంటుందో కూడా వినాలి. దీన్ని పనిగట్టుకుని కొలిచిన తెలుగావిడ ఉన్నారు. మాధవి ఇంద్రగంటి, ఆర్కిటెక్టు. 2008 వేసవిలోనూ వానాకాలంలోనూ హైదరాబాద్ అపార్టుమెంట్లకు థర్మామీటర్లు పట్టుకెళ్ళి, వందమందికి పైగా మనుషులను "ఇప్పుడు మీకు ఉక్కగా ఉందా, చలిగా ఉందా, హాయిగా ఉందా" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. వేడీ కాదు చలీ కాదు అని జనం చెప్పిన చోటు సగటున 29 డిగ్రీల పైన తేలింది. పరవాలేదు అన్న పరిధి 26 నుంచి 32న్నర దాకా వెళ్ళింది. అప్పటి మన నేషనల్ బిల్డింగ్ కోడ్ పుస్తకంలో రాసుకున్నదేమో 23 నుంచి 26! వాళ్ళంతా ఫ్యాన్ల కింద, పల్చటి నూలు బట్టల్లో ఉన్నవాళ్ళని మరిచిపోకూడదు. కాబట్టి ఏసీని 29 మీద పెట్టమని నేననను. కానీ మన వాళ్ళకు పదహారు అవసరమని ఏ కొలతా చెప్పలేదు. అన్నట్టు ఆవిడ ఆ తర్వాత ఖతార్ విశ్వవిద్యాలయంలో చేరి దోహా ఆఫీసుల్లోనూ ఇదే పరిశోధన చేశారు. మీ అన్నకు ఆ మాట చెప్పు, కాస్త గురి కుదురుతుంది.

ఇక ఇంటింటా వినపడే పొరపాటు ఒకటుంది. "పదహారు పెడితే గది తొందరగా చల్లబడుతుంది." పడదు. ఆర్మూరులో బస్సెక్కి, దిగాల్సింది బాల్కొండలో అయితే, నిర్మల్‌కు టికెట్టు తీసుకున్నంత మాత్రాన బస్సు వేగం పెరుగుతుందా? అదే బస్సు, అదే వేగం. దిగాల్సిన చోట దిగకుండా ముందుకు పోతావు, టికెట్టు డబ్బులు దండగ. రిమోట్ మీది అంకె కూడా అంతే, ఎక్కడ ఆగాలో చెబుతుంది తప్ప ఎంత వేగంగా పోవాలో కాదు. గది మండిపోతున్నప్పుడు 27 పెట్టినా 16 పెట్టినా మొదట యంత్రం తన శక్తికొద్దీ నడుస్తుంది. 27 దగ్గర అది కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. 16 పెడితే మే నెలలో అక్కడికి చేరనే చేరదు, తెల్లార్లూ రొప్పుతూనే ఉంటుంది.

ఇంకో లెక్క చూడు. బయట 44 డిగ్రీలు, లోపల 16. తేడా 28. అదే లోపల 27 అయితే తేడా 17. గోడల్లోంచి, కిటికీ సందుల్లోంచి లోపలికి దూరే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పైకి జరిపితే కరెంటు సుమారు 6 శాతం మిగులుతుందని కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 16 నుంచి 27 దాకా ఆ లెక్కను లాగితే అంత కచ్చితంగా ఉండదు గాని, ఖర్చు సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు. ఆ బ్యూరో ప్రమాణాల ప్రకారమే 2020 జనవరి 1 నుంచి తయారయ్యే గది ఏసీలు స్విచ్చి వెయ్యగానే 24 దగ్గర మొదలవుతాయి. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఇంకో అడుగు వేసి, ఏసీలను 20కి కిందికీ 28కి పైకీ పోనివ్వకుండా కట్టడి చేస్తామని ప్రకటించారు. వినగానే కుర్రకారు ఘొల్లుమన్నారు!

బాపు కోపం సంగతి. మీకు తెల్ల రేషన్ కార్డు ఉందని రాశావు. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. దాటితే పైన దాటినంతకే కాదు, మొత్తానికీ కట్టాలి. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు యూనిట్టుకు 5 రూపాయల 10 పైసలు, ఆపై వందకు 7 రూపాయల 70, ఆపై వందకు 9. మూడు వందల యాభై యూనిట్లు కాల్చారంటే 2,240 రూపాయలు, పైన ఇతర చార్జీలు. నిన్నటి దాకా సున్నా చూసిన కళ్ళకు అది పిడుగే.

ఫ్రిజ్, టీవీ, ఫ్యాన్లు, మోటారు కలిపి 120 యూనిట్లు అనుకుందాం. మిగిలేది 80. రాత్రికి రెండున్నర పైచిలుకు. ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తిగా నడుస్తుంటే గంటకు ఒకటిన్నర యూనిట్టు లాగేస్తుంది. పదహారు మీద అయితే రెండు గంటలు కాకుండానే ఆ రాత్రి కోటా చెల్లు! 27 మీద పెట్టి, పైన ఫ్యాన్ తిప్పి, రాత్రి పదకొండు నుంచి మూడు దాకా టైమర్ పెడితే ఇన్వర్టర్ ఏసీ అయితే అటూఇటూగా సరిపోవచ్చు. కచ్చితంగా సరిపోతుందని హామీ ఇవ్వను. వారానికోసారి మీటరు చూస్తూ పో. తెల్లార్లూ ఏసీ కావాలంటే మాత్రం సున్నా బిల్లు ఆశ వదులుకోవాల్సిందే. రెండూ కావాలంటే కుదరదు.

ఆ ఫ్యాన్‌ను తక్కువగా చూడకు. ఒంటిమీద గాలి ఆడితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది, ఖర్చు డెబ్బై ఎనభై వాట్లు. ఏసీ ఉన్నప్పుడు ఫ్యాన్ ఎందుకని ఆపేసేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది.

అసలు విషయం బాపమ్మ. మంచుకొండల మీద పాటలు చూశావు కదా. హీరోగారికి కోటు, మఫ్లరు, చేతికి గ్లవ్సు. పక్కన హీరోయిన్‌కు పల్చటి షిఫాన్ చీర. ఇద్దరికీ ఒకే చలి! పాట అయిపోగానే ఆ అమ్మాయి మీద ఎవరైనా శాలువా కప్పుతారో లేదో మనకు కనపడదు. మీ గదిలో జరుగుతున్నది ఆ పాటే. ముసలి ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, చలి తొందరగా వేస్తుంది. అదే ఒంటికి ఎండదెబ్బ తగులుతున్నా తెలియదు. చెమట సరిగా పట్టదు, దాహం వెయ్యదు. బాపమ్మ చలికి తట్టుకోలేక వాకిట్లోకి పోయింది, వాకిట్లో వేడిని పసిగట్టలేక పడిపోయింది. కాబట్టి ఆవిడ మంచం లోపలికి తెచ్చి, గాలి నేరుగా తగలని మూల వేసి, 28 దగ్గర మొదలుపెట్టు. ఉక్కగా ఉందని మిగతావాళ్ళంటే 27, మరీ అయితే 26. దిగేటప్పుడు ఆవిణ్ణి అడిగి దిగు. మీ అన్నకు ఇంకా వేడి అనిపిస్తే బనీను మీద పడుకొని టేబుల్ ఫ్యాన్ పెట్టుకోమను. ఆయన చొక్కా విప్పగలడు, బాపమ్మ ఇంకో చర్మం తొడుక్కోలేదు.

ఇంకో మాట, ఏసీ కంపెనీల వాళ్ళు చెప్పనిది. మీ నిజామాబాద్ జిల్లా ఎండ పొడి ఎండ. ఏప్రిల్, మేలలో గడ్డి కూలర్ అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కిటికీ తెరిచి ఉంచాలి గాని. కరెంటు ఏసీ లాగేదాంట్లో పదో వంతో ఎనిమిదో వంతో. జూన్‌లో మృగశిర వానలు పడ్డాక గాలిలో తేమ చేరి కూలర్ ఒళ్ళంతా జిడ్డు చేస్తుంది. ఏసీ అసలు అక్కరకు వచ్చేది అప్పుడు. పగలు కూలర్, పడుకునేటప్పుడు ఏసీ అని పంచుకున్నా మంచిదే. మీది స్లాబు ఇల్లే అయితే, పైన తెల్ల సున్నం రెండు పూతలు వెయ్యి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని మీ మీదే కక్కుతుంది, మీ ఏసీ సగం దానితోనే కుస్తీ పడుతోంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. కల్లంలో పసుపు ఆరబోసే ఊరివాళ్ళకు ఎండను దేనితో ఆపాలో, దేనితో పట్టాలో నేను నేర్పాలా?

ఇక నువ్వు రాసిన ఆ ఒక్క సినిమా వాక్యం, ఫలానా సినిమా ఏసీ కోసమే రెండుసార్లు చూశానన్నది. పేరు వెయ్యలేదు, నిర్మాత నొచ్చుకుంటాడు. నేనూ చూశాను. నేను వెళ్ళిన హాల్లో ఏసీ కూడా పనిచెయ్యలేదు.